తువ్వాళ్ళ వెనకాల సీసా

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, షికాగో దగ్గర అరోరా చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళందరిలో పేరు పక్కన డిగ్రీ లేనివాణ్ణి నేనొక్కణ్ణే. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఎమ్మెస్సులూ పీహెచ్‌డీలూ ఎదురొచ్చి "మీరేం చేశారు?" అని అడిగేవారు. "ఎనిమిదో తరగతి చేశానండీ, అదీ రెండుసార్లు" అనేవాణ్ణి. జోకనుకుని నవ్వి, మళ్ళీ అడిగేవారు. జోకు కాదు. లెక్కల మాస్టారూ నేనూ ఒకరి మీద ఒకరం ఆశ వదులుకున్నాక, రాజమండ్రిలో ఒక పూజాసామాన్ల కొట్టులో చేరి ఆరేళ్ళపాటు పొట్లాలు కట్టాను. (నా చదువంతా ఆ పొట్లాల కాగితాల మీదే సాగింది. అందుకే ఏ వారపత్రిక సీరియల్లో ఎవరు ఎవర్ని పెళ్ళి చేసుకున్నారో నాకు ఇప్పటికీ తెలీదు.) సాంబ్రాణి, పచ్చకర్పూరం, వట్టివేళ్ళు, కచ్చూరాలు, జవ్వాది, ఏ డబ్బా మూత తీశారో వీధిలోంచి చెప్పేవాణ్ణి. దేవుడు నాకు బుర్రలో పెట్టాల్సిన సరుకంతా పొరపాటున ముక్కులో పెట్టేశాడని మా అమ్మ అనేది.

అక్క స్పాన్సర్ చేస్తే, బావగారు టికెట్ కొంటే, నేను అమెరికా వచ్చాను. బావగారు రానూపోనూ టికెట్ కొన్నారు. నా సంగతి ఆయనకి తెలుసు. తిరుగు టికెట్‌ని ఫ్రిజ్ తలుపుకి అరటిపండు బొమ్మున్న మాగ్నెట్‌తో తగిలించి, "ఏడాది దాకా వాలిడ్. నీ బిహేవియర్ బట్టి ఉంటుందిరా" అన్నారు. పాలకోసం ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా ఆ టికెట్ నా వంక చూసేది. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పట్లో ఆ కాగితానికి భయపడినంతగా నేను మా నాన్నకి కూడా భయపడలేదు. ఎందుకంటే బయల్దేరేటప్పుడు వీధి వీధంతా స్టేషన్‌కి వచ్చి దండలేసింది. కొట్టు యజమాని నా ఫోటో పెద్దది చేయించి గల్లాపెట్టె పైన తగిలించాడు. (అక్కడ ఉన్న మిగతా ఫోటోలన్నిటికీ అప్పటికే దండలున్నాయి, అది వేరే సంగతి.) నాలుగు నెలలు తిరక్కుండా వెనక్కి వెళ్తే ఆ ఫోటో కిందే నిలబడి మళ్ళీ పొట్లాలు కట్టాలి. ఆ దృశ్యం తలుచుకుంటే ఇల్లినాయ్ చలిలో కూడా వీపు మీద చెమట పట్టేది.

బావగారు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. మాట తక్కువ, మీసం సన్నం, ముక్కు పొడుగు. సాయంత్రం గరాజ్ తలుపు తీస్తూనే "వంకాయ అడుగంటింది" అనేవారు. ఆ మనిషికున్న ఒకే ఒక్క పిచ్చి మగవాళ్ళు పూసుకునే పాతకాలం సెంట్లు. కొత్తవి కాదు, ముప్ఫై నలభై ఏళ్ళనాటివి. మూతపడిన మందుల షాపుల్లోనూ, ముసలివాళ్ళు ఇళ్ళు ఖాళీ చేస్తూ పెట్టే గరాజ్ సేల్స్‌లోనూ వెతికి వెతికి తెచ్చేవారు. వాటిని మేడ మీద తువ్వాళ్ళూ దుప్పట్లూ పెట్టుకునే అలమరలో, ఎండా వేడీ తగలకుండా, పది సీసాల్ని పది మంది చంటిపిల్లల్లా పడుకోబెట్టారు. "నీ చొక్కా వాసన ఆ అలమర వైపు రాకూడదు" అన్నది నాకు మొదటి రూలు. (నాకు ఆకాశం రంగు టెర్లిన్ చొక్కా ఒకటుండేది. దాన్ని నేను వారాల తరబడి వదిలేవాణ్ణి కాదు. "విప్పి కింద పెట్టరా, అదే నడుచుకుంటూ వాషర్‌లోకి వెళ్తుంది" అనేది అక్క.)

ఒక ఆదివారం ఆయన కాఫీ ఫిల్టర్ కాగితాన్ని సన్నగా కత్తిరించి, ఒక్కో సీసాలోంచి ఒక్కో చుక్క వేసుకుని కళ్ళు మూసుకుని వాసన చూస్తుంటే గుమ్మంలోంచి నా నోరు ఊరుకోలేదు. "అందులో ధనియాలున్నాయి బావగారూ" అన్నాను. ఆయన కళ్ళు తెరిచారు. "ఇంకా?" అన్నారు. "మీద నిమ్మతొక్క. అది పోతోంది. దాని కింద కోసిన పచ్చిగడ్డి. బాగా అడుగున బెల్లం, కొత్త చెప్పుల కొట్టు." ఆయన నన్ను చూసి, "చెయ్యి చాపు" అని మణికట్టు మీద ఒక చుక్క వేశారు. నేను అలవాటుగా రెండు చేతులూ కలిపి రుద్దబోతే చేతిమీద ఫట్‌మని ఒకటి తగిలింది. "రుద్దితే చచ్చిపోతుందిరా! ఊరికే ఉంచు. మొదట వచ్చేది పలకరింపు. అరగంట తరవాత వచ్చేది మనిషి. సాయంత్రానికి మిగిలేదే స్వభావం. కాగితం మీద సగమే తెలుస్తుంది. ఒంటిమీద వెయ్యాలి, ఆగాలి."

అప్పట్నించీ ఆదివారాలు నాకు బడి. ఓడబొమ్మున్న తెల్ల సీసాలో లవంగాన్నీ దాల్చినచెక్కనీ, ఆకుపచ్చ సీసాలో అడవినీ, నల్లటి సీసాలో ఎవరో పెద్దాయన చుట్ట కాల్చి వెళ్ళిపోయిన గదినీ ఆయన ఇంగ్లీషులో చెబితే నేను పచారీ భాషలో చెప్పేవాణ్ణి. జీవితంలో మొదటిసారి ఒక క్లాసులో నాకు మార్కులు పడుతున్నాయి. అయినా టికెట్ ఫ్రిజ్ మీదే ఉంది. మార్కులు వేరు, అటెండెన్స్ వేరు.

ఆ అక్టోబర్లో గృహప్రవేశం పెట్టుకున్నారు. (ఇంట్లో దిగి అప్పటికే ఆరు వారాలైంది. ముహూర్తం కంటే ముందు ట్రక్కు దొరికింది.) సత్యనారాయణ వ్రతం, నలభైమందికి భోజనాలు. పురోహితుడు కూడా బావగారి ఫ్యాక్టరీవాడే, లోహాల ఇంజనీరు. అక్కకి ఒకటే పట్టుదల, వచ్చినవాళ్ళని గుమ్మంలో గంధం రాసి, పన్నీరు చల్లి లోపలికి పిలవాలని. పెళ్ళికి పుట్టింటివాళ్ళిచ్చిన వెండి పన్నీరుబుడ్డి తోమించి నా చేతికిచ్చింది. "షికాగో నించి తెచ్చిన పన్నీరు సీసా వంటింటి గూట్లో ఉంది. పోసుకుని గుమ్మంలో నిలబడు" అంది.

ఆ సీసా ఎక్కడుందో నాకు బాగా తెలుసు. అందులో ఏమీ లేదని కూడా తెలుసు. రెండు నెలలుగా రోజూ గడ్డం గీసుకున్నాక బావగారి లోషన్లు ముట్టుకునే ధైర్యం లేక ఆ పన్నీరే మొహానికి కొట్టుకుంటున్నాను. ఇంకో పావుగంటలో జనం వస్తారు. షికాగో వెళ్ళి రావడానికి రెండు గంటలు. పన్నీరేదిరా అని అక్క అడుగుతుంది, ఏదిరా అని బావగారు అడుగుతారు, ఫ్రిజ్ మీద టికెట్ ఒంటరిగా నవ్వుకుంటుంది.

అక్క నన్ను తువ్వాళ్ళు తెమ్మని మేడ మీదికి పంపింది. అలమర తీశాను. పెట్టెల్లో మెరుస్తున్న పది సీసాల్నీ చూసి, అవి ముట్టుకుంటే ప్రాణం పోతుందని చేతులు వెనక్కి పెట్టుకున్నాను. తువ్వాళ్ళు లాగేసరికి వాటి వెనకాల పదకొండోది కనబడింది. లేబుల్ లేదు. పెట్టె లేదు. దగ్గు మందు సీసాలా ఉంది, కార్కు బిరడా. అడుగున రెండు వేళ్ళ మందాన గోధుమరంగు ద్రవం. పాత సరుకు, పారేద్దామని పక్కన పెట్టారు కాబోలనుకున్నాను. (మా కొట్టులో వెనక వరసలో ఉండేదంతా అలాంటిదే. మనిషి తన లోకాన్నే ఎక్కడికైనా మోసుకెళ్తాడు.) బిరడా తీసి వాసన చూశాను. ముందు లవంగం, పలావు ఆకు. ఆ వెంటనే నిజంగానే గులాబీ. అడుగున పటిక, తడి తువ్వాలు, పొగాకు. ఎవరో చల్లటి చెయ్యి చెంప మీద వేసినట్టు ఉంది. గులాబీ ఉంది కదా, ఇంకేం కావాలి! తొందరలో కొంత నా చొక్కా మీద ఒలికినా, మిగతా మొత్తం పన్నీరుబుడ్డిలో ఒంపేసి, నిండడానికి కుళాయి నీళ్ళు పట్టాను.

నీళ్ళు తగలగానే అది పాలలా తెల్లబడిపోయింది.

పన్నీరనేది నీళ్ళలా ఉండాలి గానీ పాలలా ఉండకూడదని ఎనిమిదో తరగతి తప్పినవాడికి కూడా తెలుసు. వెండిబుడ్డి కాబట్టి బయటికి కనబడదని ధైర్యం చెప్పుకుని కిందకి దిగాను. వంటింట్లో అక్క తువ్వాళ్ళు అందుకుంటూ, చాలా మామూలుగా, "వెనకాల సీసా కదపలేదు కదా?" అంది.

"ఏ సీసా?" అన్నాను.

"లేబుల్ లేనిది. దాని జోలికి పోకురోయ్. మీ బావ ప్రాణం అది. వచ్చిన కొత్తలో ఒక ముసలి బార్బర్ ఇంట్లో మేడ మీద గది అద్దెకుండేవారు. మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూ రోజు ఆ ముసలాయనే గడ్డం గీసి, తను చేత్తో కలుపుకునే లోషన్ రాసి పంపాడట. తరవాత సీసా చేతికిచ్చాడు. ఆయన పోయాడు, షాపు పోయింది, ఏమేం కలిపాడో ఎవడికీ తెలీదు. ఈయన ఏడాదికోసారి మూత తీసి వాసన చూస్తారు, అంతే. మా పెళ్ళికి కూడా పూసుకోలేదు. నాకు తాళి కట్టారు గానీ ఆ బిరడా మాత్రం నా చేతికివ్వలేదు."

నాకు ఆ తరవాతి రెండు నిమిషాలు సరిగ్గా గుర్తులేవు. స్టవ్ మీద టీ డికాక్షన్ ఉండటం గుర్తుంది. దాన్ని గరిటెతో తీసి, నీళ్ళు కలిపి రంగు సరిచూసి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, ఆ సీసాలో సరిగ్గా రెండు వేళ్ళ మందాన పోసి, బిరడా పెట్టి, తువ్వాళ్ళు అడ్డం పెట్టిన చేతులు నావేనని మాత్రం ఒప్పుకుంటాను.

కిందకి వచ్చేసరికి బావగారు పట్టుపంచెలో గుమ్మం దగ్గరున్నారు. నేను వంటింట్లో వదిలేసిన బుడ్డి నా చేతిలో పెట్టి, "నిలబడు. నవ్వు. చల్లు" అన్నారు. ఆ మూడు మాటలూ ముక్కుతో వచ్చాయి. పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆయనకి జలుబు! రెండు రోజులుగా గరాజ్‌లో చలిలో బల్లలు బిగించి, ముక్కు రెండు వైపులా దిబ్బడేసుకుపోయింది. దేవుడా, ఈ ఒక్క పూట ఆ జలుబుని చల్లగా చూడు అని మొక్కుకున్నాను.

మొదట వచ్చింది డాక్టరమ్మ. అక్కకి స్నేహితురాలు, హాస్పిటల్లో అందరూ భయపడే మనిషి. నేను ప్రాణం పిండినట్టు రెండు చుక్కలు చల్లాను. "ఏంటబ్బాయ్, నీ సొంత ఆస్తిలా చల్లుతున్నావు? గట్టిగా చల్లు!" అంది. చల్లాను. ఆమె ఆగిపోయి చీర కొంగు ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఎక్కడిది ఈ పన్నీరు? అబ్బ, ఏం బాగుంది!" నేను లోపలికి దారి చూపించాను. తరవాత షామ్‌బర్గ్ నించి బావగారి స్నేహితుడు వరంగల్ ఆయన వచ్చాడు. మీద పడగానే నిలబడ్డచోటే ఊపిరి పీల్చి, "ఏం వాసన వస్తున్నది తమ్మీ! గిది యాడ దొరికింది? నాకో డజను సీసాలు చెప్పు" అని సరాసరి బావగారి దగ్గరికి పోయి భుజం చరిచాడు. "అన్నా, నీ పన్నీరు మస్తుగున్నది!" బావగారు చీదుకుని, "ఏమో, నాకేం తెలీట్లేదు" అన్నారు. డాక్టరమ్మగారి ఏడేళ్ళ పిల్ల, ఇక్కడే పుట్టినది, ఆయన పంచె పట్టుకుని లాగి, "అంకుల్, మీ హౌస్ బార్బర్ షాప్ లాగా స్మెల్ వస్తుంది" అంది. బావగారు ఆ పిల్లని చూశారు. ఆ తరవాత ఎందుకో నన్ను చూశారు. నేను నవ్వాను. నవ్వమన్నారు కదా.

హారతి వేళకి ఇంకో గండం. "చల్లరా" అని లోహాల పురోహితుడు సైగ చేశాడు. నేను విదిలించిన చుక్కలు సరిగ్గా కర్పూరం మీద పడ్డాయి. భుగ్గున నీలం మంట జానెడెత్తు లేచింది. పురోహితుడు మంత్రం మధ్యలో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. "స్వామి ప్రసన్నుడయ్యాడు" అని ఆడవాళ్ళు లెంపలేసుకున్నారు. నేనూ వేసుకున్నాను, కొంచెం గట్టిగానే.

ఇక భోజనాలు. అక్కడే నాకు అసలైన మృత్యువు కనిపించింది. అక్క మెక్సికన్ కొట్టులో అరటికాయలు కొనుక్కొచ్చి ఆవ పెట్టిన కూర చేసింది. మా ఇంట్లో ఆవ అంటే నామకః పెట్టడం కాదు. ఒక్క ముద్ద తింటే నడినెత్తిన ఎవరో మేకు కొట్టినట్టుంటుంది, మూసుకుపోయిన ముక్కు తలుపులు తెరుచుకుని అటూ ఇటూ గాలాడుతుంది. బావగారి జలుబు ఒక్కటే నాకు గోడ. ఆ గోడని పడగొట్టే గునపం ఒక గిన్నెలో నా చేతికే ఇచ్చి వడ్డించమంది అక్క. నేను బావగారి విస్తరి దాటేసి వరంగల్ ఆయనకి మూడుసార్లు వడ్డించాను. ఆయన కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "ఇంక ఒద్దు తమ్మీ, సచ్చిపోత!" అంటున్నా వదల్లేదు. గిన్నె త్వరగా ఖాళీ అయితే చాలు.

"ఏరా, నాకేదీ?" అన్నారు బావగారు.

"జలుబు కదండీ, మీకు పడదని..."

"జలుబుకే కదరా తినాల్సింది. వెయ్యి."

వేశాను. నాలుగు అరటి ముక్కలు. రెండు తీసేశాను. మళ్ళీ వెయ్యమన్నారు. ఆయన కలిపారు, నోట్లో పెట్టుకున్నారు. నేను గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ముందు చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తలెత్తి రెండుసార్లు పెద్దగా ఊపిరి పీల్చారు. ఆ తరవాత ఇంకో చిన్న ఊపిరి, ఆగి, ఇంకోటి. చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. పక్కనున్న వరంగల్ ఆయన భుజం మీదికి వంగి వాసన చూశారు. వెనక్కి తిరిగి నిలబడ్డవాళ్ళ వైపు చూశారు. నలభైమంది. అందరి మీదా అదే. ఎవరితోనూ ఏమీ అనకుండా లేచి, చెయ్యి కడుక్కుని, మేడ మెట్లు ఎక్కారు. నేను లెక్కపెట్టాను. పద్నాలుగు మెట్లు. అలమర తలుపు కిర్రుమంది. నేను ఫ్రిజ్ వైపు చూశాను. టికెట్ ఉంది. దాని మీద నా పేరు కూడా ఉంది.

కిందకి వచ్చి వేలితో గరాజ్ వైపు చూపించారు. వెళ్ళాను. కారు పక్కన నిలబడ్డాం. ఆయన చేతిలో ఆ సీసా.

"ఇందులో చక్కెర వేశావా?"

"లేదండీ."

"మంచిది. చీమలు పట్టవు."

నేను ఏడ్చేశాను. ఇరవై రెండేళ్ళవాణ్ణి, చొక్కాకి ముక్కు తుడుచుకుంటూ పన్నీరు సంగతీ గడ్డం సంగతీ టీ సంగతీ వరసగా చెప్పేశాను. పంపించెయ్యండి బావగారూ, నేనే సూట్‌కేస్ సర్దుకుంటాను అన్నాను. ఆయన వినడం లేదు. తలుపు కొంచెం తెరిచి లోపలికి చూస్తున్నారు. వరంగల్ ఆయన ఏదో చెప్పి పగలబడి నవ్వుతున్నాడు. డాక్టరమ్మ కొంగు ఇంకా ముక్కు దగ్గరే ఉంది. పిల్లలు మెట్ల మీద పరిగెడుతున్నారు. వాళ్ళు అటూ ఇటూ కదిలినప్పుడల్లా ఆ వాసన తలుపు సందులోంచి వచ్చి పోతోంది. పొద్దున్న సీసాలో చూసిన లవంగం కాదది. అరగంట దాటి, గంట దాటి, ఒళ్ళు వెచ్చబడ్డాక పైకి వచ్చింది.

"ఆ షాపు ఇలాగే ఉండేదిరా" అన్నారు నెమ్మదిగా. "శనివారాలు జనం కిటకిటలాడేవారు. ఒకడు వచ్చేవాడు, ఒకడు వెళ్ళేవాడు. నేను పైన గదిలో పడుకుంటే నేలలోంచి వాసన పైకొచ్చేది, నవ్వులు కూడా." చేతిలో సీసా తిప్పి చూస్తూ, "పదమూడేళ్ళు సీసా మూతే చూశాను. ప్రతిసారీ ఒక గీత తగ్గేది, ఎవడూ పూసుకోకుండానే. వెధవా, నీకు చెప్పిన పాఠం నేనే మర్చిపోయాను" అన్నారు. అదీ ముక్కుతోనే అన్నారు. అప్పుడు జలుబు లేదు.

తరవాత ఆయన టికెట్ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తితే గుర్తొస్తుందని భయం. అది ఏడాది నిండేదాకా ఫ్రిజ్ మీదే ఉండి, ఎండకి వెలిసి, ఒకరోజు అరటిపండు మాగ్నెట్ మాత్రం మిగిలింది. ఆ చలికాలమంతా ఆదివారాలు ఇద్దరం కూర్చుని లవంగ నూనె, పలావు ఆకు నూనె, పటిక పెట్టుకుని ఆ ముసలాయన లోషన్ మళ్ళీ చెయ్యాలని చూశాం. ఇరవైసార్లు చేస్తే ఇరవైసార్లూ పలావు వాసనే వచ్చింది. ఆ ముక్కే నాకు తరవాత ఒక మాల్‌లో సెంట్ల కౌంటర్ దగ్గర ఉద్యోగం తెచ్చిపెట్టింది. చదువు అడక్కుండా జీతమిచ్చిన ఒకే ఒక్క చోటు అది. ఇప్పుడు నా అలమరలోనూ తువ్వాళ్ళ మధ్య సీసాలున్నాయి. ఆకాశం రంగు చొక్కా వేసుకుని తువ్వాళ్ళ వెనక చెయ్యి పెడుతున్న ఆ సన్నటి కుర్రాణ్ణి తలుచుకున్నప్పుడల్లా, ఒరేయ్ వద్దురా అని అరవాలనిపిస్తుంది. మళ్ళీ, పోనీలే ఒంపెయ్ అనిపిస్తుంది.

మొన్న బావగారింటికి వెళ్ళినప్పుడు, ఆయన ఆవ పెట్టిన కూర కలుపుకుంటుంటే, ఇన్నేళ్ళకి ధైర్యం చేసి అడిగాను. "ఇంతకీ ఆ రోజు నన్ను ఎందుకు పంపెయ్యలేదు బావగారూ?"

ఆయన ముద్ద మింగి, కళ్ళు తుడుచుకుని, అక్క వైపు చూస్తూ అన్నారు: "పంపేద్దామనే అనుకున్నాన్రా. అందరి మీదా కలిపి చల్లినదానికంటే నీ చొక్కా మీద నువ్వు ఒంపుకున్నదే ఎక్కువ. ఆ వాసన పోయాక పంపిద్దాంలే అని ఆగాను. నువ్వేమో ఆ చొక్కా ఉతికితేగా!"